ఒకే ఇంగ్లిష్ మాటకు నాలుగు అర్థాలుంటే: సందర్భంలోంచి పట్టుకునే పద్ధతి

"సార్, ఇందులో నాకు తెలియని మాట ఒక్కటీ లేదు. అయినా వాక్యం అర్థం కావట్లేదు." హనుమకొండలో పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు ఇంగ్లిష్ చెప్పడం నా పని. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఇదే అడుగుతారు. తెలియని మాట ఎదురైతే ఎవరైనా ఆగుతారు, డిక్షనరీ తీస్తారు. తెలుసనుకున్న మాట దగ్గర ఎవరూ ఆగరు. దెబ్బ తగిలేది అక్కడే.

నాకూ తగిలింది. డిగ్రీ చదివే రోజుల్లో నాన్న తీసుకున్న పంట రుణం గురించి బ్యాంకు నుంచి ఉత్తరం వచ్చింది. అందులో 'అవుట్‌స్టాండింగ్ అమౌంట్' అని ఉంది. అవుట్‌స్టాండింగ్ అంటే అద్భుతం అని బడిలో నేర్చుకున్నాను. మనం బాగా కడుతున్నామని మెచ్చుకుంటున్నారు నాన్నా అని చెప్పాను. అది ఇంకా కట్టాల్సిన బాకీ అని తెలిసేసరికి గడువు దాటిపోయింది.

కింద రాసింది నేను క్లాసులో చేయించే వరుస. మెట్లు దాటేయకుండా ఇదే క్రమంలో చేయండి.

1. కూర్చునే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- 200 పేజీల లాంగ్ నోట్‌బుక్. ఒక్కో మాటకు ఒక పూర్తి పేజీ ఇవ్వాలి. సగం ఖాళీగా మిగిలినా పర్వాలేదు. ఆరు నెలల తర్వాత అదే మాట కొత్త అర్థంతో కనిపిస్తే ఆ ఖాళీ పనికొస్తుంది.
- ఒక ఇంగ్లిష్ దినపత్రిక. ఫోన్‌లో చదివినా సరే. జిల్లా వార్తలు, వ్యాపారం, కోర్టు వార్తలు, ఆటలు అందులో ఉండాలి. పేజీ మారితే మాటకు అర్థం ఎలా మారుతుందో చూడటానికి ఇంతకన్నా చవకైన సాధనం లేదు.
- ఇంగ్లిష్-ఇంగ్లిష్ లర్నర్స్ డిక్షనరీ, అంటే భాష నేర్చుకునేవాళ్ల కోసం తేలిక ఇంగ్లిష్‌లో రాసింది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్ మూడూ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఒకటి చాలు.
- సరైన తెలుగు మాట కోసం ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లోని నిఘంటు శోధన. దీన్ని చివర్లో తెరవాలి.
- పెన్సిల్. మొదటి ఊహలు చెరపాల్సి వస్తుంది.
- రోజుకు అరగంట, రెండు మాటలు. అంతకు మించవద్దు.

రోజుకు 50 మాటలు బట్టీ పట్టే లిస్టు ఏదైనా గోడకు అంటించి ఉంటే తీసేయండి. ఆ లిస్టులో మాట, పక్కన ఈక్వల్ గుర్తు, ఒక తెలుగు అర్థం ఉంటాయి. మనల్ని ముంచేది ఆ ఈక్వల్ గుర్తే.

పత్రిక తెరిచే ముందు తెలుగులో ఒక చిన్న పని చేయండి. 'కొట్టు' అనే మాట తీసుకోండి. కొట్టులో ఉప్పు తెచ్చాడు. గుడిలో కొబ్బరికాయ కొట్టాడు. ఎండ కొడుతోంది. సినిమా బోర్ కొట్టింది. అన్నకు ఫోన్ కొట్టు. పొద్దుటి పప్పు వాసన కొడుతోంది. మన వైపు దుకాణం అంటాం గానీ, కోస్తావాళ్లు కొట్టు అన్నా మనకు అర్థమైపోతుంది. ఈ ఆరు అర్థాలు మీకు ఎవరూ బట్టీ పట్టించలేదు. పక్కనున్న ఉప్పు, కొబ్బరికాయ, ఎండ చెప్పాయి. ఇంగ్లిష్‌లోనూ చేయాల్సింది ఇదే.

2. ఇంట్లో ఉన్న ఇంగ్లిష్ మాటలతో మొదలుపెట్టండి

కొత్త మాటల కోసం వెతకొద్దు. తెలుగులో కలిసిపోయిన ఇంగ్లిష్ మాటలు చాలావరకు ఒకటి రెండు అర్థాలతోనే మన ఇంట్లోకి వచ్చాయి. ఆ అర్థం గడపలో అడ్డంగా కూర్చుని మిగతావాటిని లోపలికి రానివ్వదు.

కరెంట్: మనకు విద్యుత్తు. 'కరెంట్ ప్రైస్' అంటే ఇప్పటి ధర. వాగు గురించి రాస్తూ 'స్ట్రాంగ్ కరెంట్' అంటే నీటి ఉరవడి.

కవర్: మనకు ప్లాస్టిక్ సంచి. బీమా పత్రంలో కవర్ అంటే రక్షణ. విలేకరి కవర్ చేసేది వార్త. 'కవర్డ్ 40 కిలోమీటర్స్' అంటే అంత దూరం వెళ్లారని.

రిజర్వేషన్: రైలు సీటు, ఉద్యోగాల కోటా మనకు తెలుసు. 'ఐ హ్యావ్ సమ్ రిజర్వేషన్స్ అబౌట్ ఇట్' అంటే ఆ మనిషికి సీటు దొరికిందని కాదు. పూర్తిగా ఒప్పుకోవడానికి మనసులో కొన్ని అభ్యంతరాలున్నాయని అర్థం.

ఫైన్: జరిమానా, లేదా బాగున్నాను. 'ఫైన్ వెరైటీ ప్యాడీ' అంటే సన్న వడ్లు. క్వింటాలుకు 500 రూపాయల బోనస్ వార్త ఇంగ్లిష్‌లో చదివి, నాణ్యత బాగున్న వడ్లకే ఇస్తారని వాదించినవాళ్లను చూశాను.

స్లీపర్: కాజీపేట స్టేషన్ చుట్టూ పెరిగినవాళ్లకు రెండు అర్థాలు తెలిసే ఉంటాయి. ఒకటి బోగీలో పడుకునే తరగతి, రెండోది పట్టాల కింద అడ్డంగా వేసే దిమ్మె. 'ఎ లైట్ స్లీపర్' మూడోది. చిన్న చప్పుడుకే మెలకువ వచ్చే మనిషి.

పరకాల వైపు నుంచి వచ్చిన ఒక తండ్రి బడి నుంచి వచ్చిన కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. అందులో 'యువర్ వార్డ్' అని ఉంది. "మా వార్డుతో బడికి ఏం పని సార్? కౌన్సిలర్‌ను తోలుకపోవాల్నా?" అని అడిగాడు. వార్డ్ అంటే మున్సిపాలిటీలో భాగం, ఆసుపత్రిలో గది, మన సంరక్షణలో ఉన్న పిల్ల లేదా పిల్లవాడు కూడా. ఆయన అడిగిన ప్రశ్నలో తప్పేం లేదు. 'మీ అబ్బాయి' అని రాస్తే సరిపోయేదానికి ఆ మాట వాడినవాళ్లదే తప్పు.

ఇవాళ్టి పని: ఇంట్లో రోజూ వాడే ఇంగ్లిష్ మాటలు 20 రాయండి. పార్టీ, కేసు, లైన్, పాయింట్, పేపర్, ఛార్జ్ లాంటివి. ఒక్కోదానికి మీకు తెలిసిన అర్థం ఒకటే రాసి, కింద ఖాళీ వదలండి.

3. ఎక్కడ ఆగాలో నేర్చుకోండి

మెట్లన్నింటిలో కష్టమైనది ఇదే. డిక్షనరీ చూడటం ఎవరైనా చేస్తారు. 'ఇక్కడ ఏదో అతకలేదు' అని గుర్తుపట్టడమే రావాలి. నాలుగు గుర్తులు చెబుతాను.

మొదటిది, మీకు తెలిసిన అర్థం పెడితే వాక్యం నవ్వు తెప్పిస్తుంది. 'షీ చెయిర్డ్ ద మీటింగ్'లో ఆమె కుర్చీలు వేయలేదు, సభకు అధ్యక్షత వహించింది.

రెండోది, మీకు పేరుగా (నామవాచకంగా) తెలిసిన మాట క్రియ స్థానంలో కూర్చుంటుంది. పై వాక్యంలో చెయిర్ చేసిందీ అదే.

మూడోది, వెనకున్న చిన్న మాట మారుతుంది. 'లుక్' అందరికీ తెలుసు. 'లుక్ ఆఫ్టర్' అంటే చూసుకోవడం, 'లుక్ ఫర్' అంటే వెతకడం, 'లుక్ ఇన్‌టు' అంటే విచారించడం.

నాలుగోది, పత్రిక శీర్షిక. 'టూ హెల్డ్ ఫర్ థెఫ్ట్' అంటే ఇద్దరి అరెస్టు. 'మీటింగ్ హెల్డ్' అంటే సమావేశం జరిగింది. 'హెల్డ్ గిల్టీ' అంటే దోషిగా తేల్చారు. మూడూ ఒకే పేజీలో కనిపించవచ్చు.

సాధన ఇలా చేయండి. ఒక వార్త తీసుకుని తేలిక మాటల కింద మాత్రమే గీత గీయండి. కష్టమైనవి వదిలేయండి. గీత పడ్డ ప్రతి మాట దగ్గరా 'నాకు తెలిసిన అర్థం ఇక్కడ అతుకుతుందా?' అని అడగండి. వారం రోజులు విసుగ్గా ఉంటుంది. తర్వాత కన్ను దానంతట అదే ఆగుతుంది.

4. ఆ మాట ఏం పని చేస్తోంది?

అర్థం ఊహించే ముందు వ్యాకరణం చూడండి. నామవాచకమా, క్రియా, విశేషణమా? ముందు 'ఎ' ఉందా? చివర 'ఎస్' ఉందా? ఆ ఒక్క అక్షరమే ఒక్కోసారి వేరే మాటను తెస్తుంది.

- డ్యామేజ్ అంటే నష్టం. డ్యామేజెస్ అంటే కోర్టు ఇప్పించే నష్టపరిహారం.
- కస్టమ్ అంటే ఆచారం. కస్టమ్స్ అంటే సరిహద్దు సుంకాల శాఖ.
- మినిట్స్ అంటే నిమిషాలే కాదు, సమావేశంలో జరిగిన చర్చలు, తీర్మానాలు రాసుకున్న నమోదు కూడా.
- గ్లాస్ అంటే గాజు. ఎ గ్లాస్ అంటే గ్లాసు. గ్లాసెస్ అంటే గ్లాసులైనా కావచ్చు, కళ్లద్దాలైనా కావచ్చు.

ఉచ్చారణ కూడా ఇక్కడే రాసుకోండి. ఇంగ్లిష్‌లో ఒకే స్పెల్లింగ్‌తో దాక్కున్న రెండు మాటలను మన లిపి విడదీసి చూపిస్తుంది. దారి చూపేది లీడ్, సీసం మాత్రం లెడ్. నిమిషం మినిట్, అతి చిన్నది మైన్యూట్. కన్నీరు టియర్, చింపడం టేర్. ఇంగ్లిష్ వాక్యం కింద ఉచ్చారణను తెలుగు అక్షరాల్లో రాయడానికి సిగ్గుపడక్కర్లేదు.

5. పక్కన ఎవరు కూర్చున్నారు?

ఒక్క మాటను పూర్తిగా చేసి చూపిస్తాను. డిశ్చార్జ్. మనకు తెలిసింది ఆసుపత్రి నుంచి ఇంటికి పంపడం.

ద పేషెంట్ వాజ్ డిశ్చార్జ్‌డ్ ఆన్ మండే. పక్కన పేషెంట్ ఉన్నాడు. తెలిసిన అర్థమే.

దేర్ ఈజ్ ఎ యెల్లో డిశ్చార్జ్ ఫ్రమ్ ద ఊండ్. ముందు 'ఎ' ఉంది కాబట్టి ఇది పేరు. రంగు ఉంది, గాయం ఉంది. అంటే చీము.

ద డిశ్చార్జ్ ఫ్రమ్ ద ప్రాజెక్ట్ రోజ్ టు 50,000 క్యూసెక్స్. క్యూసెక్ అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. కాబట్టి ఇది కిందికి వదులుతున్న నీటి ప్రవాహం. గోదావరికి వరద వచ్చిన రోజుల్లో శ్రీరాంసాగర్ వార్తల్లో ఈ వాడుక చూడండి.

షీ డిశ్చార్జ్‌డ్ హర్ డ్యూటీస్ వెల్. వెనక డ్యూటీస్ ఉంది. బాధ్యత నిర్వర్తించింది.

ద కోర్ట్ డిశ్చార్జ్‌డ్ ద అక్యూజ్డ్. కోర్టు, నిందితుడు పక్కన ఉన్నారు. కేసు నడపడానికి ఆధారాలు చాలవని విచారణ మొదలుకాకముందే వదిలేశారు. విచారణ ముగిశాక నిర్దోషి అని తేల్చడం వేరు, దాన్ని అక్విటల్ అంటారు. ఈ తేడా తెలియక వార్తను తప్పుగా చెప్పుకునేవాళ్లు చాలామంది.

చూసింది ఏమిటి? మాటకు ముందు రెండు మాటలు, వెనక రెండు మాటలు, ఎవరు చేశారు, దేన్ని చేశారు. చాలాసార్లు ఇంతే సరిపోతుంది. సరిపోకపోతే పక్క వాక్యానికి వెళ్లాలి. 'హి ఈజ్ ఎ క్యూరియస్ మ్యాన్' అని ఒక్క వాక్యమే ఉంటే అతను ఆసక్తిగా అన్నీ అడిగేవాడో, వింత మనిషో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. తర్వాతి వాక్యంలో 'హి ఆస్క్స్ ఎ లాట్ ఆఫ్ క్వశ్చన్స్' అని వస్తే తేలిపోతుంది.

6. ఊహను తెలుగులో రాసి, వాక్యంలో పెట్టి చూడండి

ఊహ మనసులో ఉంచుకోవద్దు. పెన్సిల్‌తో రాయండి. తర్వాత మొత్తం వాక్యాన్ని తెలుగులో గట్టిగా చదవండి, అమ్మకు చెబుతున్నట్టు. ఎక్కడైనా నాలుక తడబడితే ఊహ తప్పు. పక్కవాళ్లు నవ్వితే మరీ తప్పు.

7. ఇప్పుడు డిక్షనరీ

ఊహ రాయకముందు తెరిస్తే మొదటి అర్థం దగ్గరే ఆగిపోతారు. తెరిచాక చేయాల్సినవి:

- ముందు పేరు, క్రియ విభాగాల్లో మీది ఏదో చూడండి. మిగతా విభాగం వదిలేయండి.
- కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్ డిక్షనరీల్లో చాలా అర్థాలున్న మాటకు ఒక్కో అర్థం ముందు చిన్న సూచిక మాట ఉంటుంది. డబ్బు, నేరం, విద్యుత్తు అన్నట్టు. ముందు ఆ సూచికలపై కన్ను వేసి, తర్వాత వివరణ చదవండి.
- వివరణ కన్నా ఉదాహరణ వాక్యం ముఖ్యం. మీ వాక్యంలో పక్కన కూర్చున్న మాటలే అక్కడా ఉన్నాయా చూడండి.
- ఆక్స్‌ఫర్డ్ లర్నర్స్‌లో ముఖ్యమైన మాటల అర్థాల పక్కన ఎ1, బి2 లాంటి స్థాయి గుర్తులుంటాయి. గుర్తున్న అర్థాలు ముందు నేర్చుకోండి.

అన్ని అర్థాలూ నేర్చుకోవాలన్న టెన్షన్ వద్దు. 1989 నాటి ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు 'సెట్' అనే క్రియకే 430 అర్థాలు చూపింది. మీకు ఎదురైనవే మీవి.

8. నోట్‌బుక్ పేజీ ఎలా ఉండాలి

పైన మాట, ఉచ్చారణ. కింద ఒక్కో అర్థానికి మూడు ఉండాలి: దొరికిన వాక్యం ఉన్నదున్నట్టు, పట్టించిన పక్క మాట కింద ఎర్ర గీత, మీ సొంత వాక్యం. తెలుగు అర్థం పేజీ వెనక రాయండి. తిరగేసి చూసుకోవడానికి అదే పనికొస్తుంది. సొంత వాక్యం మీ ఊరి సంగతే అయి ఉండాలి. ఎక్కడో లండన్‌లో ఉన్న జాన్ గురించి రాసింది రెండు రోజుల్లో మరిచిపోతారు.

9. దారం ఉంటే కట్టండి, లేకపోతే వదిలేయండి

కొన్ని మాటల అర్థాలన్నీ ఒక దారానికి గుచ్చినవే. ఛార్జ్ పాత అర్థం బండి మీద బరువు వేయడం. తెలుగులో 'మోపడం' గుర్తుంచుకోండి. బ్యాటరీకి ఛార్జ్ ఎక్కిస్తారు. 'ఛార్జ్‌డ్ విత్ థెఫ్ట్' అంటే దొంగతనం నేరం మోపారు. 'ఇన్ ఛార్జ్' బాధ్యత మోసేవాడు. సర్వీస్ ఛార్జ్ జేబు మీద పడే భారం. డిశ్చార్జ్ అంటే ఆ బరువు దించడం. బిడ్డ పెళ్లి చేసినవాళ్లు 'బరువు దించుకున్నాం' అంటారు కదా, డ్యూటీస్ డిశ్చార్జ్ చేయడం అదే. లాఠీఛార్జ్ ఇందులో అంత తేలిగ్గా ఒదగదు. దాన్ని విడిగా రాసుకోండి.

కొన్నింటికి దారం దొరకదు. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో పత్తి గురించి చదివితే 'స్టేపుల్' కనిపిస్తుంది. అక్కడ అది పింజ, 'లాంగ్ స్టేపుల్' అంటే పొడవు పింజ పత్తి. 'స్టేపుల్ ఫుడ్' అంటే మన అన్నంలా రోజూ తినే ముఖ్య ఆహారం. కాగితాలకు కొట్టే పిన్నును వేరే మాటగానే చూడండి. అట్లాగే జిన్నింగ్ మిల్లులో గింజను, దూదిని విడదీసే జిన్‌కు, సీసాలో ఉండే జిన్‌కు చుట్టరికం లేదు. జాతర అనే అర్థంలో ఫెయిర్ వేరు, రేషన్ దుకాణం బోర్డు మీద 'ఫెయిర్ ప్రైస్ షాప్'లోని ఫెయిర్ వేరు. వీటికి కథలు అల్లకండి. పేజీ మధ్యలో గీత గీసి రెండు మాటలుగా రాయండి.

10. ఎక్కువగా జరిగే తప్పులు, సవరణలు

తప్పు: ఫోన్‌లో ఒక్క మాటే టైప్ చేసి అనువాదం చూడటం. సవరణ: మొత్తం పేరా ఇవ్వండి. వచ్చిన తెలుగును మీ ఊహతో పోల్చండి. రెండూ కలవకపోతే డిక్షనరీయే తీర్పరి.

తప్పు: ఊహ కుదిరింది కదా అని సరిచూడకపోవడం. సవరణ: అదే మాట ఉన్న ఇంకో రెండు వాక్యాలు చదవండి. స్కెల్ అనే ఉచిత సైట్‌లో మాట ఇస్తే అది వాడిన వాక్యాలు వరుసగా కనిపిస్తాయి.

తప్పు: ఒకే మాటకు పూర్తి ఎదురు అర్థాలుంటాయని నమ్మకపోవడం. 'లోన్ శాంక్షన్డ్' అంటే మంజూరు. ఒక దేశం మీద 'శాంక్షన్స్' అంటే ఆంక్షలు. సవరణ: ఇలాంటి వాటికి నోట్‌బుక్ చివర పది పేజీలు విడిగా ఉంచండి.

తప్పు: మన దేశపు వాడుకే అంతటా ఉందనుకోవడం. మనవాళ్లు 'పాస్డ్ అవుట్ ఇన్ 2020' అంటే డిగ్రీ పూర్తయిందని. బయటి పుస్తకంలో 'హి పాస్డ్ అవుట్' అంటే స్పృహ తప్పాడు. సవరణ: పక్కన 'ఇండియా' అని రాసుకోండి. మన వాడుక తప్పు కాదు, చోటు వేరు అంతే.

క్లోజ్ టెస్ట్ (పేరాలో ఖాళీలు నింపే పరీక్ష) రాసేవాళ్లకు ఒక మాట. ఆప్షన్లు చూడకముందే ఖాళీలో మీ సొంత తెలుగు మాట పెట్టండి. ఆప్షన్లు ముందు చూస్తే నాలుగూ సరైనవిగానే కనిపిస్తాయి.

11. మళ్లీ ఎప్పుడు చూడాలి

మరుసటి రోజు, నాలుగో రోజు, పదో రోజు, నెల తిరిగాక. మాటను కాదు, వాక్యాన్ని చూడండి. ఎర్ర గీత పడ్డ పక్క మాటను వేలితో మూసి అర్థం చెప్పండి. చెప్పలేకపోయారా? వేలు తీయండి. అప్పుడు వెలిగితే పేజీ పనిచేస్తోంది. అప్పుడూ వెలగకపోతే ఆ వాక్యం మంచిది కాదు, ఇంకోటి వెతకండి.

12. ఇవాళే చేయడానికి ఐదు వాక్యాలు

జవాబులు చూడకముందు పెన్సిల్‌తో రాయండి.

అ. ఎ లాంగ్ డ్రై స్పెల్ హిట్ కాటన్ సోయింగ్.
ఆ. ద కలెక్టర్ అడ్రెస్డ్ ద ఫార్మర్స్.
ఇ. ద కలెక్టర్ అడ్రెస్డ్ దెయిర్ ప్రాబ్లమ్స్.
ఈ. హి ఎగ్జిక్యూటెడ్ ఎ సేల్ డీడ్ ఇన్ 2019.
ఉ. ద బిల్ వాజ్ టేబుల్డ్ ఇన్ ద అసెంబ్లీ.

అ: స్పెల్ ఇక్కడ మంత్రమూ కాదు, స్పెల్లింగూ కాదు. కొంత కాలం. చాలా రోజులు వానల్లేక పత్తి విత్తడం దెబ్బతిన్నది. ఆ: రైతులను ఉద్దేశించి మాట్లాడారు. ఇ: వాళ్ల సమస్యల పరిష్కారానికి పూనుకున్నారు. ఆ, ఇ వాక్యాల్లో మారింది వెనక మాట ఒక్కటే. ఈ: ఎగ్జిక్యూట్ అంటే ఉరితీయడమనీ, అమలు చేయడమనీ తెలిసి ఉంటుంది. పక్కన సేల్ డీడ్ ఉంది కాబట్టి అమ్మకం దస్తావేజు సంతకం చేసి ఇచ్చాడని. ఉ: సభలో బిల్లు ప్రవేశపెట్టారు. ఇదే మాట అమెరికా పత్రికలో కనిపిస్తే చర్చను పక్కన పెట్టారని అర్థం, కాబట్టి పత్రిక ఏ దేశానిదో కూడా చూడాలి.

మూడు కన్నా తక్కువ జవాబులు సరైనవైతే మూడో మెట్టుకు వెనక్కి వెళ్లి ఇంకో వారం తేలిక మాటల కింద గీతలు గీయండి.